పేరు చెప్పని సంపాదకుడు – మౌలానా హస్రత్ మొహానీ

1982లో విడుదలైన 'నికాహ్' సినిమాలో గులాం అలీ పాడిన గజల్ వినని ఇల్లు మనలో అరుదు. అప్పట్లో రేడియోలో, పెళ్ళి పందిళ్ళలో మోగింది. ఇప్పుడు పిల్లల సెల్‌ఫోనుల్లో మోగుతున్నది. కాని ఆ గజల్ రాసిన కవి మూడు మార్లు జైలుకు పోయినవాడని, రోజుకు మణుగుల కొద్దీ గోధుమలు విసిరినవాడని, తాను రాయని ఒక వ్యాసం కోసం ఆ శిక్ష అనుభవించాడని పాట వింటూ తల ఊపేవాళ్ళలో ఎందరికి తెలుసు? ఉర్దూ చదువుకున్న పిల్లలకు పాఠ్యపుస్తకంలో ఆయన గజల్ ఒకటి, పుట్టిన ఊరు ఒకటి నేర్పి సరిపెడుతున్నాం. అందుకని ఈ నాలుగు మాటలు.

ఆయన అసలు పేరు సయ్యద్ ఫజ్లుల్ హసన్. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా మొహాన్ కసబాలో పుట్టినందున మొహానీ అయినారు. హస్రత్ అన్నది కవితలో పెట్టుకున్న తఖల్లుస్. అదే లోకానికి పేరై నిలిచింది. ఆ మొహాన్ బంధువర్గంలోనే నిషాతున్నిసా బేగంతో వివాహం జరిగింది. ఆమె ఇంటి దగ్గరే ఉర్దూ, ఫారసీ, అరబీ నేర్చుకున్న మనిషి. ఆడపిల్లల చదువు ఖురాన్ షరీఫ్ వల్లించడంతో సరి అనుకునే ఆ రోజుల్లో ఆమె ఊరి పిల్లలకు చదువు చెప్పేది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈమె లేకపోతే హస్రత్ కథ సగమే.

హస్రత్ 1903లో అలీగఢ్ కాలేజీలో బి.ఏ. పూర్తి చేశారు. చదువుకునేటప్పుడే కాలేజీ పెద్దలతో తగాదా పడి బహిష్కరణలు కూడా చూశారు. ఆ రోజుల్లో అలీగఢ్ బి.ఏ. అంటే సర్కారు కొలువు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నట్టే. తహసీల్దారు గిరీ కోసం దరఖాస్తు పెట్టడానికి బదులు ఆయన 1903 జూలైలో 'ఉర్దూ-ఎ-ముఅల్లా' అనే మాసపత్రిక పెట్టారు. మొదట్లో అది సాహిత్య పత్రిక. మరుగున పడిపోతున్న పాత షాయర్ల కవిత్వాన్ని ఏరి అచ్చువేసేవారు. రానురాను అందులో రాజకీయాలు చేరాయి. బాలగంగాధర తిలక్ గారంటే ఆయనకు గురుభావం. 1907లో సూరత్ కాంగ్రెసు రెండుగా చీలినప్పుడు తిలక్ పక్షాన బయటికి నడిచారు. సర్కారుతో మంచిగా ఉంటేనే ముస్లిముల చదువులు బాగుపడతాయని అలీగఢ్ పెద్దలు నమ్ముతున్న కాలం అది. వాళ్ళ కళ్ళకు ఈయన నెత్తిమీది కుంపటి.

1908లో పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. ఈజిప్టు దేశంలో ఇంగ్లీషువాళ్ళ విద్యావిధానం ఎలా ఉన్నదన్నది అందులోని విషయం. హిందూస్తాను గురించి కాదు, గమనించండి. రాసినవారి పేరు వేయలేదు. రాసింది అలీగఢ్ విద్యార్థి ఒకరు. పేరు బయటపడితే ఆ కుర్రవాడి చదువు పోతుంది, కొలువు ఆశ పోతుంది, తల్లిదండ్రుల మీదికి కూడా వస్తుంది. ప్రభుత్వం భారత శిక్షాస్మృతి 124-ఏ సెక్షన్, అంటే రాజద్రోహం కింద కేసు పెట్టింది. 1908 జూన్ 23న హస్రత్‌ను అరెస్టు చేశారు. ఆ మర్నాడే బొంబాయిలో తిలక్ గారిని అరెస్టు చేశారు. రెండూ పత్రికా రచన కేసులే.

రాసినవాడు ఫలానా అని ఒక్క పేరు చెప్తే హస్రత్ పని తేలికయ్యేది. ఆయన చెప్పలేదు. పత్రిక నాది, అచ్చువేసింది నేను, బాధ్యత నాది అనే వైఖరి మీదే నిలబడ్డారు. రెండేళ్ళ కఠిన శిక్ష, ఐదువందల రూపాయల జుర్మానా పడింది. అప్పీలులో శిక్షను ఒక ఏడాదికి తగ్గించారు. జుర్మానా వసూలు కింద ఆయన గ్రంథాలయాన్ని వేలం వేశారు. పైసా పైసా కూడబెట్టి ఊరూరా తిరిగి సేకరించిన పుస్తకాలు, చేతిరాత ప్రతులు కారుచౌకగా పోయాయి. జైలు కష్టం కంటె ఈ పుస్తకాలు పోవడమే ఆయనను ఎక్కువ కుంగదీసి ఉంటుందని నా నమ్మకం. పుస్తకం మీద మమకారం ఉన్నవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

సరిగ్గా ఆ ఏడాదే మన తెలుగునాట కూడా ఇలాంటిదే జరిగింది. బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో రాసిన వ్యాసానికి గాను గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి మూడేళ్ళ శిక్ష పడింది. ఆయన వెల్లూరు జైల్లో మామూలు నేరస్తుల నడుమ కాలం గడిపారు. అక్కడ ఉర్దూ, ఇక్కడ తెలుగు, బొంబాయిలో మరాఠీ. సెక్షన్ మాత్రం ఒకటే.

హస్రత్‌ను మొదట అలీగఢ్ జైల్లో ఉంచి, తర్వాత అలహాబాద్ (ఇప్పుడు ప్రయాగరాజ్) దగ్గరి నైనీ సెంట్రల్ జైలుకు పంపించారు. రాజకీయ ఖైదీ అన్న మర్యాద అప్పటికి లేదు. దొంగకు, బందిపోటుకు ఏ బట్టలో ఈయనకూ అవే. కాగితం కలం నిషేధం. పని తిరగలి, మనవైపు ఇసుర్రాయి అంటామే, అది. రోజుకు ఒక మన్, అంటే నలభై సేర్లు, నేటి లెక్కన సుమారు 37 కిలోల గోధుమలు పిండి చేసి అప్పగించాలి. చేతులు బొబ్బలెక్కినా లెక్క తగ్గరాదు. రంజాన్ నెల కూడా ఆ జైల్లోనే వచ్చి పోయింది. కలం లేదు కాబట్టి గజళ్ళు తిరగలి తిప్పుతూ మనసులోనే కట్టుకుని, మనసులోనే దాచుకున్నారు. ఆ తిరగలిని గురించి ఆయన చెప్పిన షేర్ ఒకటి ఉర్దూ తెలిసిన ప్రతివాడికీ నోటికి వచ్చు. విడుదలయ్యాక ఈ అనుభవాలన్నీ 'ముషాహిదాత్-ఎ-జిందాన్' అనే పేరుతో రాశారు. ఉర్దూలో వచ్చిన జైలు రచనల్లో అది ముందువరుసలోనిది. అందులో కోపం కంటె పరిశీలన ఎక్కువ. తోటి ఖైదీలు, వార్డర్లు, తిండి, పని, అన్నీ లెక్క రాసినట్టు రాశారు.

ఇక బేగం సంగతి. పోలీసులు వచ్చిన రోజున చంటి కూతురు నయీమా జబ్బుతో మంచంలో ఉన్నది. ఇంట్లో మగదిక్కు లేదు. ఎవరైనా అయితే లోపల ఉన్న భర్తకు ఏం రాస్తారు? క్షమాపణ రాసిచ్చి ఇంటికి రండి అనే కదా. ఆమె రాసిన చీటీలో ఉన్నది వేరు. వచ్చిపడినదాన్ని మగటిమితో ఎదుర్కోవాలని, ఇంటి చింత పెట్టుకోవద్దని, బలహీనత చూపవద్దని ఆమె రాసింది. ఆ చీటీ చేతికి వచ్చాక తనకు ఎంతటి ధైర్యం కలిగిందో హస్రత్ స్వయంగా రాసుకున్నారు.

జైలుపాలైన రచయితల కోసం ఈనాడు పెద్ద పెద్ద సంస్థలున్నాయి. 1921లో లండన్‌లో స్థాపించిన పెన్ అనే అంతర్జాతీయ రచయితల సంఘం 1960లో ఖైదు రచయితల కోసం ప్రత్యేక కమిటీ వేసింది. నవంబరు 15ను ఖైదులో ఉన్న రచయితల దినంగా జరుపుతారు. ఏ దేశంలో ఏ కవిని లోపల వేశారో జాబితాలు తయారవుతాయి, ప్రభుత్వాలకు ఉత్తరాలు పోతాయి. 1908లో ఇవేవీ లేవు. అలీగఢ్‌లో పరిచయస్తులు సైతం వీధిలో ఎదురైతే తల తిప్పుకుపోయేవాళ్ళు. కమిటీ అన్నా, జాబితా అన్నా, ఉత్తరాలన్నా అన్నీ ఆ ఒక్క ఆడమనిషే.

1909లో విడుదలై వచ్చి చూస్తే పత్రిక అచ్చువేసే ప్రెస్సు దొరకలేదు. అందరికీ భయం. భార్యాభర్తలు చిన్న చేతి ప్రెస్సు ఒకటి సంపాదించి ఇంట్లోనే పెట్టుకుని తామే నడిపారు. ఉర్దూ అచ్చు సంగతి తెలిసినవారికి ఆ కష్టం అర్థమవుతుంది. కాతిబ్ రాసిన కాగితం రాయి మీదికి ఎక్కించాలి, సిరా పట్టించాలి, ఒక్కొక్క తావు ఒత్తి తీయాలి. అలా నాలుగేళ్ళు లాగారు. 1913లో ప్రెస్ యాక్టు కింద మూడువేల రూపాయల జమానతు కట్టమన్నారు. మూడువేలు వాళ్ళ కలలో కూడా లేవు. పత్రిక ఆగిపోయింది. అప్పుడు స్వదేశీ బట్టల దుకాణం పెట్టారు. షిబ్లీ నోమానీ గారు దీని మీద పరిహాసమాడారు. మొదట కవివి, ఆపైన రాజకీయవాదివి, ఇప్పుడు కోమటివి, నువ్వు మనిషివా జిన్నువా అన్న అర్థంలో.

రెండో ఖైదు 1916లో. మొదటి ప్రపంచయుద్ధ కాలం. లలిత్‌పూర్‌లో నిర్బంధంలో ఉండమని హుకుం వస్తే ఆయన ఒప్పుకోలేదు. దాంతో రెండేళ్ళ శిక్ష. లలిత్‌పూర్, ఝాన్సీ, అలహాబాద్, ఫైజాబాద్, లక్నో, మీరట్ ఇలా జైలు నుంచి జైలుకు మార్చారు. ఎక్కడికి మార్చితే అక్కడికి బేగం పరుగు. ఈసారి ఆమె ఇంట్లో కూర్చోలేదు. పర్దా వదిలిపెట్టి బయటికి వచ్చింది. ఇది తేలిక అనుకోకండి. అలాంటి కుటుంబాల్లో ఆడవాళ్ళు డోలీలో తప్ప గడప దాటని కాలం. వకీళ్ళ దగ్గరికి, అధికారుల దగ్గరికి, పత్రికలవాళ్ళ దగ్గరికి తానే వెళ్ళింది. జైల్లో ఆయన పరిస్థితిని గురించి నాయకులకు ఉత్తరాలు రాసింది. లక్నో ఫిరంగీ మహల్ మౌలానా అబ్దుల్ బారీ గారికి ఆమె రాసినవి ఎన్నో ఉన్నాయి. షరతులకు ఒప్పుకుంటే వదిలేస్తామని ప్రభుత్వం కబురు పెడితే హస్రత్ కాదన్నారు. ఆ కాదనడంలో బేగం కూడా పాలుపంచుకున్నది.

ఇల్లు ఎలా గడిచిందంటారా? గడవలేదు అనే చెప్పాలి. ఆమె అవస్థ చూసి ఒక మిత్రుడు సాయం చేయబోతే డబ్బు వద్దన్నది. చేయాలనే ఉంటే అచ్చువేసి పెట్టిన దివానుల ప్రతులు అమ్మిపెట్టమన్నది. నాకు ఈ ఉదంతం ఆయన కవిత్వమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. జైల్లో ఉన్న రచయితకు చేయగల సహాయాల్లో అతని పుస్తకాన్ని జనం చేతుల్లోకి పంపించడం ఒకటి. ఏ సంస్థా నేర్పకముందే ఆమెకు అది తెలుసు.

1917 డిసెంబరులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగ్ మద్రాసుకు వచ్చినప్పుడు స్త్రీలకు ఓటుహక్కు కావాలని ఒక ప్రతినిధి బృందం ఆయనను కలిసింది. ముందు నిలిచింది మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు. ఆ బృందంలో బేగం హస్రత్ మొహానీ పేరు ఉన్నది. భర్త అప్పటికింకా ఖైదులోనే ఉన్నారు.

మూడో ఖైదు కథ అందరికీ కొంత తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. 1921 డిసెంబరు అహ్మదాబాద్ కాంగ్రెసులో సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని హస్రత్ తీర్మానం తెచ్చారు. గాంధీజీ వ్యతిరేకించారు, తీర్మానం వీగిపోయింది. కాంగ్రెసు అదే మాట మీదికి రావడానికి 1929 లాహోరు దాకా పట్టింది. అక్కడి ప్రసంగాల మీద 1922లో ఆయనను అరెస్టు చేశారు. 1924 దాకా జైలు. ఇంక్విలాబ్ జిందాబాద్ అనే నినాదం ఆయన ఇచ్చినదేనని ప్రసిద్ధి.

ఈయన ఎవరికీ సులువుగా కొరుకుడు పడే మనిషి కాదు. ముస్లిం లీగుకు అధ్యక్షత వహించారు. 1925లో కాన్పూరులో జరిగిన కమ్యూనిస్టుల తొలి మహాసభకు ఆహ్వాన సంఘం అధ్యక్షులూ ఆయనే. పలుసార్లు హజ్ చేసిన సూఫీ. శ్రీకృష్ణుడి మీద కవితలు రాసి మధుర యాత్రకు పోయేవారు. దేశ విభజన ఆయనకు రుచించలేదు. పాకిస్తాన్ పోకుండా ఇక్కడే ఉండి రాజ్యాంగ సభలో సభ్యుడిగా పనిచేశారు. తనకు నచ్చని రాజ్యాంగంపై సంతకం చేయలేదు. రైల్లో మూడో తరగతి, భుజాన మూట, అంతే వైభవం. ప్రతి పక్షంవారికీ ఆయనలో ఒక ముక్క నచ్చుతుంది, ఒక ముక్క నచ్చదు. నాకూ ఆయన రాజకీయాలన్నీ ఒప్పుదల కావు. కాని 1908లో ఒక విద్యార్థి పేరును నాలుక మీదికి రానివ్వని ఆ మనిషి దగ్గర నా అభ్యంతరాలన్నీ చిన్నబోతాయి.

నిషాతున్నిసా బేగం 1937లో కన్నుమూశారు. మౌలానా 1951 మే 13న లక్నోలో పరమపదించారు. అల్లాహ్ ఇద్దరికీ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. బేగం రాసిన ఉత్తరాలు తర్వాతి కాలంలో ఉర్దూలో పుస్తకంగా వచ్చాయి. ఎవరైనా పూనుకుని వాటిని తెలుగులోకి తెస్తే చదివే ఆడపిల్లలు మన సొసైటీ ఇళ్ళలోనే ఉన్నారు.