స్ఫటికముల లెక్క తేల్చిన భగవంతంగారు

విజ్ఞానశాస్త్ర పాఠములలో పేరెన్నికగన్న వారందరును పరభాషల వారేనని మా విద్యార్థులలో కొందరు చిన్నబుచ్చుకొనుట మేము చూచియున్నాము. అట్టి వారికై డాక్టరు సూరి భగవంతంగారి జీవితమును ఇచ్చట సంగ్రహముగా చెప్పుచున్నాము.

వారు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిరి. ఆ కళాశాల అప్పుడు మన మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. 1928లో రామన్ ఫలితము వెలువడిన కాలమున కలకత్తా చేరి, సర్ సి. వి. రామన్‌గారి కడ పరిశోధన సాగించిరి. పిదప వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి.

ఉప్పుకల్లును పరికించినచో దాని ముఖములలో ఒక పొందిక కనబడును. దానినే సౌష్ఠవమందురు. సౌష్ఠవమును బట్టి స్ఫటికములు 32 తరగతులు. ఏ తరగతికి ఏ గుణము సాధ్యమో గణితముచేతనే తేల్చుటలో భగవంతంగారు దిట్ట. ఒత్తిడికి లోనైన స్ఫటికములో కాంతి నడక మారుటను గూర్చి పాకెల్స్ అను జర్మను పండితుడు వేసిన పట్టికలు చిరకాలము ప్రమాణములై యుండెను. వానిలో కొన్ని తరగతుల లెక్క సరికాదని 1942లో వీరు నిరూపించిరి. 1948లో టి. వెంకటరాయుడుగారితో కలసి సమూహ సిద్ధాంతముపై గ్రంథము ప్రకటించిరి.

ఈ లెక్క వలన ప్రయోజనమేమి? ఒక కొనను ధనవిద్యుత్తు, మరియొక కొనను ఋణవిద్యుత్తు తమంతట తామే నిలుచుట 10 తరగతులకు మాత్రమే సాధ్యము. వానిలో, వెలుపలి విద్యుత్ క్షేత్రముచే ఆ కొనలు తారుమారు కాగల పదార్థములే ఫెర్రోఎలక్ట్రిక్కులు. బేరియం టైటనేటు అట్టిది. సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు దాటగనే ఘనాకార సౌష్ఠవము పొంది ఆ గుణమును కోల్పోవును. దానిలో స్ట్రాన్షియము చేర్చినచో ఆ ఉష్ణోగ్రత తగ్గును. అట్టి పదార్థమును పలుచని పొరగా పరచి వోల్టేజీని మార్చినచో దాని రోధక స్థిరాంకము మారును. అందువలన ఏ మైక్రోవేవ్ తరంగమును పోనీయవలెనో, దేనిని ఆపవలెనో ఒకే పరికరముతో సవరించుకొనవచ్చును. తరంగశక్తి కొంత పొరలో వేడిమిగా వ్యర్థమగుట మాత్రము పెద్ద చిక్కు. ఈ పొరలను భగవంతంగారు చేయలేదు. ఇట్టి పదార్థమును ఏ తరగతులలో వెదకవలెనో తెలుపు సౌష్ఠవ గణితమే వారు జీవితమంతయు సాధన చేసిన విద్య.

వారు 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగను, 1962 వరకు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగను, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగను పనిచేసి, 1989లో దివంగతులైరి.

విద్యార్థులారా! అచ్చులో నున్నదని, పెద్దలు వ్రాసినదని పట్టికను కంఠస్థము చేసి ఊరకుండకుడు. కాగితము తీసి ఆ లెక్కను మీరును ఒకసారి చేసి చూడుడు. ఆగిరిపల్లి బాలుని అంతవానిని చేసినది ఆ అలవాటే యని మా నమ్మకము.