రుక్మిణి నుంచి కమలాదేవి దాకా

నల్లగొండ జిల్లా అంటే ఎవరికైనా సాయుధ పోరాటమే గుర్తుకొస్తుంది. ఆ పోరాటంలో తుపాకి పట్టిన ఆడవాళ్లలో ఆరుట్ల కమలాదేవి గారి పేరు ముందు వరుసలో ఉంటుంది. ఆమె కూడా మనలాగే ఇల్లు విడిచి హాస్టల్లో ఉండి చదువుకున్న అమ్మాయి అని మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆమె గురించి రాస్తున్నాం.

ఆమె 1920లో ఆలేరు దగ్గరి మంతపురిలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు రుక్మిణి. చిన్న వయసులోనే కొలనుపాకకు చెందిన ఆరుట్ల రామచంద్రారెడ్డి గారితో పెండ్లి అయ్యింది. ఆ కాలంలో అది వింతేమీ కాదు. పెండ్లి తరువాత జరిగిందే వింత. భార్యను పొయ్యి దగ్గర కూర్చోబెట్టకుండా ఆయన హైదరాబాదుకు చదువుకు పంపించారు. రుక్మిణి పేరును కమలాదేవిగా మార్చింది కూడా ఆయనే. మార్చేముందు ఆమెను అడిగారా లేదా అని మా గదిలో పెద్ద వాదనే జరిగింది. సగం మంది ఆయన పక్షం, సగం మంది రుక్మిణి పక్షం.

పెండ్లి కుదిరిందంటే చదువు ముగిసినట్టే అనుకునే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పదో తరగతి పరీక్షలు రాయకుండానే పెట్టె సర్దుకొని వెళ్లిపోయిన అక్కలను మేమూ చూశాం. అట్లాంటిది 1930లలో, పెండ్లయిన పిల్లను పట్నం పంపితే చుట్టాలు, ఊరివాళ్లు ఊరుకున్నారంటే మేము నమ్మం.

ఆమె చదివింది నారాయణగూడలోని ఆంధ్ర బాలికల ఉన్నత పాఠశాలలో. మాడపాటి హనుమంతరావు గారు 1928లో దాన్ని స్థాపించారు. నిజాం రాజ్యంలో పై చదువులు ఎక్కువగా ఉర్దూలోనే ఉండేవి. తెలుగులో చెప్పే ఈ బడికి సర్కారు గుర్తింపు దొరకలేదు. అందుకని పూనాలో కార్వే గారు నడిపిన మహిళా విశ్వవిద్యాలయంతో కలిపి పరీక్షలు రాయించేవారు. తెలంగాణ ఆడపిల్ల తన భాషలో పరీక్ష రాయడానికి మరాఠీ దేశం దాకా దారి వెతుక్కోవలసి వచ్చిందన్నమాట.

భర్త ఆంధ్ర మహాసభలో తిరుగుతుంటే ఆమె కూడా సభలకు, మహిళా సంఘం పనులకు కదిలారు. 1944లో భువనగిరిలో జరిగిన మహాసభ తరువాత ఊరూరా సంఘాలు లేచాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. కమలాదేవి గారు ఆయుధ శిక్షణ పొంది దళంలో పనిచేశారు, జైలుకూ వెళ్లారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేం. ఆమెను బయటికి తెచ్చింది భర్త. కరివిరాల కొత్తగూడెం మల్లు స్వరాజ్యం గారికి ఆ దారి చూపింది అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి. అయితే 1951 అక్టోబరులో పోరాటం ఆపేశాక చాలామంది ఆడవాళ్లను మళ్లీ ఇంటికే పంపించారు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వాళ్లు అటువంటి స్త్రీలను కలిసి, వాళ్ల జ్ఞాపకాలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. అందులో వాళ్లు తమను వెంట నడిపించిన మగవాళ్లను ప్రేమగానే తలుచుకున్నారు, తరువాత తమను పట్టించుకోలేదని బాధా పడ్డారు. మగవాళ్లు తెరిచిన తలుపును మగవాళ్లే మూస్తే ఏం చెయ్యాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

కమలాదేవి గారి విషయంలో ఆ తలుపు మూసుకోలేదు. 1952లో పీ.డీ.ఎఫ్. తరఫున ఆలేరు నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. 1957లో మళ్లీ గెలిచారు, 1962లో మూడోసారి. మొదటి రెండు ఎన్నికల్లో సభకు వెళ్లింది ఆమే. రామచంద్రారెడ్డి గారు 1962లో భువనగిరి నుంచి గెలవడంతో ఆ ఏడు ఇద్దరూ ఒకే సభలో కూర్చున్నారు. చదువుకు పంపిన మనిషికంటే చదువుకున్న మనిషే పదేళ్ల ముందు ఎమ్మెల్యే అయ్యిందని మా రుక్మిణి పక్షం వాళ్లు ఇప్పటికీ గెలిచినట్టే చెప్పుకుంటారు.

కమలాదేవి గారు 2001 జనవరి 1న కన్నుమూశారు. 2016లో జిల్లాలు విడిపోయాక ఆలేరు, కొలనుపాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లాయి. కొలనుపాక జైన మందిరం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వస్తారు. అక్కడికి వెళ్లినవాళ్లు ఆరుట్ల వారి ఇల్లు ఎక్కడని కూడా అడగండి.