కర్నల్ రామనాథ్ చోప్రా: మందుల చట్టం వెనుకనున్న మనిషి

మన దేశంలో వైద్యుని దర్శించి మందు పుచ్చుకొనేవారికంటె, అంగడికి పోయి తమంతట తామే మందు కొనుక్కొనేవారి సంఖ్య ఏనాడూ అధికమే. తలనొప్పి, జలుబు, అజీర్తి వంటి చిన్న బాధలకు ప్రతివాడూ తనకు తానే వైద్యుడు. అతడు చెల్లించే పైకానికి సీసాలో ఉన్నదేమిటో చెప్పే పూచీ ఎవరిది? ఈ ప్రశ్నకు భారతదేశంలో శాస్త్రీయమైన సమాధానం వెదకినవారిలో అగ్రగణ్యులు కర్నల్ సర్ రామనాథ్ చోప్రా.

చోప్రా 1882లో పంజాబులోని గుజ్రాన్‌వాలాలో జన్మించారు. లాహోరు ప్రభుత్వ కళాశాలలో చదివి, ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో విద్య నభ్యసించారు. ఔషధాలు శరీరంపై ఏ విధంగా పనిచేస్తాయో ప్రయోగాల ద్వారా నిరూపించే శాస్త్రం అక్కడ అప్పుడప్పుడే వేళ్లూనుతున్నది. దానిని డిక్సన్ అనే ఆచార్యుని వద్ద నేర్చుకొన్నారు. 1908లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనిక వైద్యునిగా పనిచేశారు. 1921లో కలకత్తాలోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ఔషధశాస్త్రానికి ప్రథమాచార్యులైనారు. ఆయన జీవితంలోని ముఖ్యఘట్టం ఇక్కడినుండే ప్రారంభమవుతుంది.

అప్పటి కలకత్తా ఔషధ విపణి స్థితి ఏమిటి? బెంగాలును చలిజ్వరం పీడిస్తున్నది. దానికి ప్రజలెరిగిన మందు కొయినా. పేదవాడు కూలి డబ్బులు పోగుచేసుకొని కొన్న ఆ మాత్రలో కొయినా తక్కువగానూ, పిండి ఎక్కువగానూ ఉండవచ్చు. జ్వరం తగ్గకపోతే అతడు తన తలరాతను నిందించుకొనేవాడు గాని మాత్రను శంకించేవాడు కాదు. విదేశాలలో అమ్ముడుపోని నాసిరకపు సరుకు సైతం మన రేవులలో దిగేది. దేశానికంతటికీ వర్తించే ఔషధ ప్రమాణ చట్టం లేదు. మందుల దుకాణం తెరవడానికి చదువు అక్కరలేదు, పెట్టుబడి ఉంటే చాలు. సర్వరోగ నివారిణులని ప్రకటించుకొనే రహస్యయోగాల మాట చెప్పనే అక్కరలేదు.

1927లో కేంద్ర శాసనసభలలో ఎగువసభ అయిన కౌన్సిల్ ఆఫ్ స్టేట్ ఈ విచ్చలవిడి వ్యాపారాన్ని అదుపు చేయవలెనని తీర్మానించింది. మూడేండ్ల తరువాత, 1930లో, ప్రభుత్వం ఔషధ విచారణ సంఘాన్ని నియమించి చోప్రాను అధ్యక్షుని చేసింది. మౌల్వీ అబ్దుల్ మతీన్ చౌధురి అందులో ఒక సభ్యులు. 1931లో వెలువడిన నివేదిక కోరినవి ఇవి: దేశానికంతటికీ ఒకే చట్టం, నమూనాలను పరీక్షించే ప్రయోగశాలలు, మందులు కలిపి ఇచ్చేవారికి శిక్షణ, రహస్యయోగాలపై అదుపు.

ఈ కోర్కెలలో ఏదీ కొనుగోలుదారుని శిక్షించేది కాదు. అంగడికి వచ్చి మందు కొనుక్కోవడమే నేరమని చట్టం చేసి ఉంటే, వైద్యుడే లేని పల్లెలలో దానిని ఎవరు పాటించగలరు? అదుపు చేయవలసినది తయారీదారును, దిగుమతిదారును, అమ్మకందారును. తన మందు తాను వేసుకొనేవాడు వివేకంతో వేసుకోవాలంటే, మొదట సీసాపై ఉన్న పేరు, సీసాలో ఉన్న ద్రవ్యం ఒకటై ఉండాలి. ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి, ప్రజల అజ్ఞానాన్ని మాత్రమే దూషించేవారు నేటికీ కనబడతారు.

అయితే ప్రజలు చేసుకొనే సొంతవైద్యమంతా నిరపాయకరమని ఆయన భ్రమపడలేదు. నల్లమందు అలవాటుపై సుదీర్ఘంగా పరిశోధించారు. పసిపిల్లలు ఏడవకుండా నిద్రపోవడానికి నల్లమందు పెట్టే ఆచారాన్ని కూడా పరిశీలించారు. పనికి పోవలసిన తల్లి చేతిలో అది మందుగానే చెలామణి అయింది. స్వచ్ఛమైన సరుకైనంత మాత్రాన అందరి చేతికీ ఇవ్వదగినది కాదనడానికి ఇంతకంటె దృష్టాంతమేమి కావాలి?

బజారు మూలికను నిరసించడమూ ఆయన స్వభావం కాదు. ఉన్మాదానికీ, నిద్రలేమికీ జనులు వాడే సర్పగంధను ప్రయోగశాలకు తెచ్చి, అది రక్తపు పోటును తగ్గిస్తుందని 1933లో సహచరులతో కలసి చూపారు. అదే వేరునుండి ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ వేరుచేసిన సారానికి హకీం అజ్మల్ ఖాన్ పేర అజ్మలీన్ అని నామకరణం చేయడం మనకు సంతోషం కలిగించే విషయం. 1933లోనే చోప్రా దేశీయ ఔషధాలపై తన ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రకటించారు. మందులు సామాన్యుని కొనుగోలు శక్తికి లోబడి ఉండాలన్నది అందులోని ఆశయాలలో ఒకటి.

నివేదిక మాత్రం చాలాకాలం దస్త్రాలలోనే ఉండిపోయింది. 1937లో కలకత్తాలో చోప్రా ఆధ్వర్యాన ఒక ప్రమాణీకరణ ప్రయోగశాల వెలసింది. తరువాత కేంద్ర ఔషధ ప్రయోగశాలగా మారినది అదే. ఔషధ చట్టం 1940లో వచ్చింది, నియమాలు 1945లో వచ్చాయి, అమలు 1947 ఏప్రిల్‌లో మొదలైంది. నివేదికకూ అమలుకూ నడుమ పదహారేండ్లు! ఆ కాలంలో పిండి మాత్రలు మింగినవారి లెక్క ఎవరు వ్రాశారు? మందులు కలిపేవారి విద్యకు సంబంధించిన ఫార్మసీ చట్టం 1948 వరకు రాలేదు.

ఆ నియమాలలో డాక్టరు చీటీ లేనిదే అమ్మరాని మందులకు జాబితాలు కట్టారు. చీటీ లేకుండా అమ్మదగినవి ఇవి అని మాత్రం ప్రత్యేకంగా ఒక తరగతిని నిర్వచించలేదు. జాబితాలో లేనిదేదో అదే. వెయ్యిమందికి మించని గ్రామాలలో ఆస్పిరిన్, నొప్పికి రాసే బామ్ వంటి గృహచికిత్సా ద్రవ్యాలను లైసెన్సు లేకుండా అమ్మడానికి కొన్ని షరతులతో సడలింపు ఇచ్చారు. పల్లె అవసరాన్ని గుర్తించిన ఆ సడలింపు నాకు సబబుగానే తోస్తుంది. కాని చీటీ అక్కరలేని మందుకూ మోతాదు ఉంటుంది, హెచ్చరిక ఉండాలి. ఆ తరగతికి స్పష్టమైన రూపం ఇవ్వకపోవడం వల్ల కొనేవాని వివేకం అంగడివాని నోటిమాటమీద ఆధారపడిపోయింది.

1941లో చోప్రా కలకత్తా కొలువునుండి విరమించారు. సర్ బిరుదు ఆ సంవత్సరమే లభించింది. అటుపిమ్మట కాశ్మీరు సంస్థానానికి వెళ్లి, జమ్మూలోని ఔషధ పరిశోధనశాలను తీర్చిదిద్దారు. 1946లో దేశీయ వైద్యవిధానాలపై నియమించిన సంఘానికి కూడా ఆయనే అధ్యక్షులై, 1948లో నివేదిక సమర్పించారు. ఆయుర్వేద, యునానీ ఔషధాల తయారీ, అమ్మకాలను ఔషధ చట్టం పరిధిలోకి తెచ్చిన సవరణ 1964లో వచ్చేనాటికి ఆయన వయస్సు ఎనభై దాటింది. 1973లో పరమపదించారు.