లెక్కకు రాని ఏడు పాళ్లు

క్లెమెన్స్ వింక్లర్ 1838 డిసెంబరు 26న జర్మనీలోని ఫ్రైబర్గ్ పట్టణంలో జన్మించాడు. ఫ్రైబర్గ్ వెండి గనులకు పేరుపొందిన ఊరు. వింక్లర్ అక్కడి గనుల విద్యాలయంలో చదివి, కోబాల్టుతో నీలిరంగు తయారుచేసే కర్మాగారాలలో కొన్నేళ్లు పనిచేశాడు. 1873లో తాను చదివిన విద్యాలయంలోనే రసాయన శాస్త్ర ఆచార్యుడయ్యాడు.

1885లో ఆ ఊరి సమీపంలోని ఒక వెండి గనిలో అంతవరకు ఎవరూ ఎరుగని ఖనిజం దొరికింది. అది కొత్తదని గుర్తించినవాడు అదే విద్యాలయంలోని ఖనిజశాస్త్ర ఆచార్యుడు వైస్‌బాఖ్. వెండి ఎక్కువగా ఉన్నందువల్ల దానికి ఆర్గిరోడైట్ అని పేరు పెట్టారు. అందులో ఏ పదార్థం ఎంత ఉన్నదో తేల్చే పని వింక్లర్‌ది.

వింక్లర్ ఖనిజంలోని పదార్థాలను ఒక్కొక్కటిగా వేరుచేసి తూచాడు. నూటికి సుమారు 75 పాళ్లు వెండి, 17 పాళ్లు గంధకం; ఇనుము, పాదరసం, జింకు అన్నీ కలిసి ఒక పాలు. మొత్తం 93. మరి మిగిలిన 7 పాళ్లు ఏమైనట్లు? మళ్లీ మళ్లీ చేసి చూశాడు. అదే లోటు! తూకంలో ఏదో పొరపాటు జరిగిందని ఊరుకోవచ్చు. కాని వింక్లర్ అలా ఊరుకోలేదు. ఎవరికీ తెలియని మూలకం ఒకటి ఇందులో దాగి ఉండాలని నిశ్చయించుకున్నాడు.

నెలల తరబడి వెతికాడు. చివరకు ఆర్సెనిక్, ఆంటిమొనీలను తొలగించిన ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఎక్కువగా పోశాడు. తెల్లని పదార్థం అడుగున పేరుకున్నది. దానిని హైడ్రోజన్ వాయువులో వేడిచేయగా బూడిదరంగు మూలకం బయటపడింది. అది 1886 ఫిబ్రవరి 6. వింక్లర్ దానికి తన దేశం పేరు మీద జెర్మేనియం అని పేరు పెట్టాడు.

మూలకాల పట్టికను కూర్చిన రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ అందులో సిలికాన్ కింద ఒక గడి ఖాళీగా ఉంచాడు. అక్కడ చేరవలసిన మూలకానికి 1871లోనే ఏకసిలికాన్ అని పేరు పెట్టాడు. ఈ ‘ఏక’ సంస్కృత పదమే. దాని పరమాణు భారం 72 ఉంటుందని ఊహించాడు. జెర్మేనియం ఆంటిమొనీ కింది గడికి చెందుతుందని వింక్లర్ మొదట భావించాడు. కాని దాని గుణాలను పరీక్షించిన తరువాత తన పొరపాటు దిద్దుకున్నాడు. పరమాణు భారం 72.32 అని తేలింది. మెండలీవ్ ఊహ నిజమైంది.

వింక్లర్ 1904 అక్టోబరు 8న మరణించాడు. 1947లో తయారైన మొదటి ట్రాన్సిస్టర్‌కు ఆధారం జెర్మేనియమే. లెక్కలో తగ్గిన ఆ 7 పాళ్లను ఆయన పట్టించుకోకపోతే, ఆ మూలకం ఇంకెంతకాలం రాతిలోనే దాగి ఉండేదో!