ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్

ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ (అక్టోబరు 24, 1632 - ఆగష్టు 26, 1723) నెదర్లాండ్స్ దేశమునకు చెందిన బట్టల వర్తకుడు, సూక్ష్మదర్శినుల నిర్మాత. ఇతనిని సూక్ష్మజీవశాస్త్ర పితామహునిగా పేర్కొంటారు. నీటిబొట్టులోని జీవులను చూచినవానిగా ఇతడు పాఠ్యపుస్తకముల ద్వారా అందరికీ పరిచితుడే. చిగుళ్ళ వ్యాధికి మూలమైన పళ్ళ పాచిలో బాక్టీరియాను మొట్టమొదట చూచినది కూడా ఇతడే అన్న సంగతికి మాత్రము అంత ప్రచారము లేదు.

బాల్యము, వృత్తి

లీవెన్‌హుక్ డెల్ఫ్ట్ పట్టణములో జన్మించాడు. బుట్టలు అల్లే వృత్తిలో ఉన్న తండ్రి ఇతని చిన్నతనములోనే మరణించాడు. 16వ ఏట ఆమ్‌స్టర్‌డాం నగరమునకు వెళ్ళి ఒక బట్టల వర్తకుని వద్ద పని నేర్చుకున్నాడు. 1654లో స్వస్థలమునకు తిరిగివచ్చి బార్బరా డి మే అను ఆమెను వివాహమాడి, బట్టల దుకాణము తెరిచాడు. వారి ఐదుగురు సంతానములో మరియా అనే కుమార్తె మాత్రమే బ్రతికింది. 1660లో పట్టణ న్యాయాధికారుల సభామందిరమును చూచుకొనే ఉద్యోగము లభించడముతో ఇతనికి జీవనచింత తీరింది.

ఇతడు విశ్వవిద్యాలయములో చదువలేదు. ఆనాటి పండిత భాషయైన లాటిన్ రాదు, వచ్చినది డచ్చి భాష ఒక్కటే.

సూక్ష్మదర్శినులు

నేత నాణ్యతను పరీక్షించడానికి బట్టల వర్తకులు భూతద్దములు వాడేవారు. లీవెన్‌హుక్ తన కటకములను తానే తయారు చేసుకొన్నాడు. రెండు చిన్న లోహపు రేకుల నడుమ ఆవగింజ వంటి ఒకే ఒక కటకమును బిగించి, దానిని కంటికి ఆనించి చూచేవాడు. నేటికి మిగిలియున్న వాటిలో ఉట్రెక్ట్ నగరములోనిది వస్తువును సుమారు 270 రెట్లు పెద్దది చేసి చూపుతుంది. దీనిని ఎట్లు చేశాడో ఇతడు ఎవరికీ చెప్పలేదు. కరిగించిన గాజుపూస నుండి ఆ కటకమును చేసినట్లు 2021లో న్యూట్రాన్ల సహాయముతో జరిపిన పరీక్షలో తేలింది.

వైద్యుడైన రైనియర్ డి గ్రాఫ్ 1673లో ఇతనిని లండనులోని రాయల్ సొసైటీకి పరిచయము చేశాడు. అప్పటినుండి తాను చూచినదెల్లా ఉత్తరములుగా వ్రాసి పంపేవాడు. మిరియాలు నానబెట్టిన నీటిలో అతి సూక్ష్మజీవులు కలవని 1676లో వ్రాయగా పలువురు నమ్మలేదు. మరుసటి సంవత్సరము రాబర్ట్ హుక్ స్వయముగా ఆ జీవులను చూచి నిర్ధారించాడు. 1680లో రాయల్ సొసైటీ ఇతనిని సభ్యునిగా ఎన్నుకొంది.

పళ్ళ పాచిలో జీవులు

సెప్టెంబరు 17, 1683 తేదీన వ్రాసిన ఉత్తరము వైద్యచరిత్రలో ముఖ్యమైనది. అప్పటికి ఇతనికి 50 సంవత్సరములు. ప్రతి ఉదయము ఉప్పుతో పళ్ళు తోముకొని, పుల్లతో సందులు శుభ్రము చేసుకొని, గుడ్డతో గట్టిగా తుడుచుకొనేవాడు. అయినను భూతద్దములో చూస్తే దంతముల సందులలో తడిపిన పిండి వంటి తెల్లని పదార్థము కనిపించింది. దానిని ఏ జీవులూ లేవని ముందుగా చూచుకొన్న వాననీటిలో కలిపి పరిశీలించగా, కదలాడే చిన్న జీవులు అనేకములు కనిపించాయి. కొన్ని బాణము వలె దూసుకుపోయేవి, కొన్ని బొంగరము వలె తిరిగేవి. ఉత్తరముతో పంపిన బొమ్మలలో కడ్డీలు, మెలికలు తిరిగిన ఆకారములు నేటికీ గుర్తుపట్టగలిగినంత స్పష్టముగా ఉన్నాయి.

ఇతడు అక్కడితో ఆగలేదు. ఇద్దరు స్త్రీల నుండి, ఒక బాలుని నుండి, ఇద్దరు వృద్ధుల నుండి పాచిని సేకరించి చూచాడు. జీవితములో ఎన్నడూ పళ్ళు శుభ్రము చేసుకొనని ఒక వృద్ధుని నోట ఈ జీవుల సంఖ్య లెక్కకు అందలేదు. తన ఒక్కని నోటిలో ఉన్న జీవులు నెదర్లాండ్స్ జనాభాను మించియుంటాయని ఇతడు అంచనా వేశాడు.

అన్నిటికంటె విలువైన పరిశీలన పుల్లని ద్రాక్షరసము, అనగా వెనిగర్, తో చేసినది. వెనిగరును పుక్కిలించినా పళ్ళ సందుల పాచిలో జీవులు బ్రతికే ఉన్నాయి. అదే పాచిని బయటకు తీసి నీటిలో కలిపి, వెనిగరు చేర్చితే అవి వెంటనే చచ్చాయి. కనుక వెనిగరు పాచి పొర లోపలికి చొరబడలేక, పైనున్న జీవులను మాత్రమే చంపుతున్నదని ఇతడు గ్రహించాడు. తరువాత 1692లో తన ముందుపళ్ళపై జీవులు కనబడకపోగా, ఉదయము త్రాగే వేడి కాఫీ అందుకు కారణమని ఊహించాడు. వెనుక దంతముల నుండి తీసి చూస్తే అవి సజీవముగానే ఉన్నాయి.

ఇంత చూచినను ఈ జీవులు వ్యాధిని కలిగిస్తాయని ఇతడు చెప్పలేదు. సూక్ష్మజీవులకూ రోగములకూ గల సంబంధము నిరూపణ కావడానికి మరి రెండు శతాబ్దములు పట్టింది.

అంతిమ దినములు

1698లో రష్యా చక్రవర్తి పీటర్ ఇతనిని కలిశాడు. 90 ఏండ్లు దాటిన తరువాత కూడా ఉత్తరములు వ్రాయడము మానలేదు. డెల్ఫ్ట్‌లోనే మరణించగా అక్కడి పాత చర్చిలో సమాధి చేశారు. రాయల్ సొసైటీకి ఇచ్చి వెళ్ళిన 26 వెండి సూక్ష్మదర్శినులు తరువాతి కాలములో కనిపించకుండా పోయాయి.

చిగుళ్ళ వ్యాధి పరిశోధనలో స్థానము

రాబర్ట్ కాక్ వద్ద పనిచేసిన విలోబీ మిల్లర్ 1890లో నోటి సూక్ష్మజీవులపై గ్రంథము ప్రచురించాడు. పాచి చిగుళ్ళ వాపుకు కారణమని నిశ్చయముగా తేల్చినది 1965లో హరాల్డ్ లో, అతని సహచరులు. 12 మంది ఆరోగ్యవంతులు పళ్ళు తోమడము మానగా 10 నుండి 21 రోజులలో అందరికీ చిగుళ్ళు వాచాయి. తిరిగి తోమడము మొదలిడగా సుమారు ఒక వారములో తగ్గాయి.

వాపును అశ్రద్ధ చేస్తే కొందరిలో అది చిగురు క్రిందికి వ్యాపించి, దంతమును పట్టియుంచే ఎముకను హరిస్తుంది. దీనినే పయోరియా అంటారు. పార్ఫిరోమొనాస్ జింజివాలిస్ వంటి గాలి అక్కరలేని బాక్టీరియా ఇందులో ప్రధానమైనవి. పొగత్రాగడము, మధుమేహము దీనిని తీవ్రతరము చేస్తాయి. తీవ్రమైన పయోరియా వలన మధుమేహము అదుపు తప్పడము కూడా కలదు. గుండెజబ్బులు ఈ రోగులలో ఎక్కువగా కనిపించినా, పయోరియాయే వాటికి కారణమని ఇంకా రుజువు కాలేదు.

బాక్టీరియా జిగురు పదార్థములో ఇమిడి పొరగా జీవించడమును నేడు బయోఫిల్మ్ అంటారు. లీవెన్‌హుక్ వెనిగరు చొరబడనిది ఈ పొరలోనికే. మందులు పుక్కిలించినంత మాత్రమున పయోరియా తగ్గకపోవడానికి ముఖ్యకారణము ఇదే. అందుచేతనే దంతవైద్యులు ముందుగా పాచిని, గట్టిపడిన గారను, చిగురు క్రింది వేళ్ళ మీద నుండి సైతము, గీకి తొలగిస్తారు. అవసరమైనచోట శస్త్రచికిత్స చేస్తారు. ఆంటీబయాటిక్ మందులు ఒంటరిగా ఈ పని చేయలేవు.