ఉభయభాషా నటుడు బళ్ళారి రాఘవ

తెలుగు, కన్నడ భాషలు రెండును ఒకే వీధిలో వినవచ్చు పట్టణములలో బళ్ళారి ముఖ్యమైనది. నేడది కర్ణాటక రాష్ట్రములో నున్నను, 1953వ సంవత్సరము వరకు మద్రాసు రాష్ట్రమునకు చెంది యుండెను. ఇంటిలో ఒక భాష, అంగడిలో మరియొక భాష మాటలాడుట అచ్చటివారికి వింత కాదు. అట్టి పట్టణమును తన పేరులో చేర్చుకొని, రెండు భాషల రంగస్థలమునకును గౌరవము తెచ్చిన మహానటుడు శ్రీ తాడిపత్రి రాఘవాచార్యులు. లోకము ఆయనను బళ్ళారి రాఘవ యనియే యెరుగును.

రాఘవగారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన నేటి అనంతపురము జిల్లాలోని తాడిపత్రిలో జన్మించిరి. తండ్రి నరసింహాచార్యులుగారు బళ్ళారిలో తెలుగు పండితులుగా నుండిరి. మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు ఆంధ్ర నాటక పితామహులని పేరు పొందినవారు. ఆయన స్థాపించిన సరస వినోదినీ సభ ఒకవైపు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ మరియొకవైపు బళ్ళారిలో నాటకకళను పెంపొందించుచుండెను. ఆ ఇరువురును న్యాయవాదులే. పగలు న్యాయస్థానము, రాత్రి నాటకశాల యనునది ఆనాటి బళ్ళారి పెద్దల జీవితము. బాలుడైన రాఘవ ఈ వాతావరణములోనే పెరిగెను. పండ్రెండేండ్ల ప్రాయముననే ముఖమునకు రంగు పూసికొనెను.

బళ్ళారిలో చదువు ముగిసిన పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, న్యాయశాస్త్రము నభ్యసించి, స్వస్థలమునకు తిరిగివచ్చి న్యాయవాద వృత్తి చేపట్టిరి. ఆ వృత్తిలో మంచి పేరును, ధనమును గడించిరి. నాటకమును మాత్రము జీవనోపాధిగా చేసికొనలేదు. నటించినందుకు ప్రతిఫలము నాశింపలేదు. వృత్తివలన వచ్చినదానిని కళకు వెచ్చించిరి. విద్యావంతుడు, గౌరవనీయుడు నైన న్యాయవాది వేషము కట్టుటయేమని చిన్నచూపు చూచువారు ఆ కాలమున లేకపోలేదు. రాఘవగారు వారితో వాదములకు దిగక, తన నటనచేతనే సమాధానము చెప్పిరి.

ఆనాటి తెలుగు నాటకము పద్యమునకు, రాగమునకు లోబడి యుండెను. నటుడు ఒక్కొక్క పద్యమును దీర్ఘమైన ఆలాపనతో పాడుట, ప్రేక్షకులు మరల పాడుమని కేకలు వేయుట, మరణశయ్యపై నున్న పాత్ర సైతము లేచి మరల పాడుట పరిపాటి. కథ ఎచ్చట ఆగినదో, రసము ఎచ్చట భంగమైనదో చూచువారు అరుదు. రాఘవగారు ఈ పద్ధతిని నిరాకరించిరి. పాత్ర మనస్సులోని భావము ముఖమునందును, కంఠస్వరమునందును, మౌనమునందును వ్యక్తము కావలెనని వారి సిద్ధాంతము. సంగీతమునకు అలవాటుపడిన ప్రేక్షకుల మెప్పును పోగొట్టుకొనుటకు సైతము సిద్ధపడి వారు ఈ మార్గమును అనుసరించిరి. హరిశ్చంద్రుని దుఃఖము, హిరణ్యకశిపుని అహంకారము, దుర్యోధనుని అభిమానము, చాణక్యుని పట్టుదల, విజయనగర పతన కథలోని పఠాను రుస్తుము రౌద్రము వారి నటనలో సజీవములయ్యెను. క్రమముగా ప్రేక్షకులే మారిరి. పాట వినుటకు వచ్చినవారు మనిషిని చూచి మరలిపోవుట నేర్చుకొనిరి.

పాటపై ఆధారపడని ఈ నటనకు భాష యెల్లగా నిలువలేదు. తెలుగులోను, కన్నడములోను రాఘవగారు సమానమైన అధికారముతో నటించిరి. బెంగుళూరులోని అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషన్‌తో వారికి గాఢమైన సంబంధము ఉండెను. బళ్ళారిలో షేక్స్‌పియర్ పేరిట ఒక సంఘమును నెలకొల్పి, ఆంగ్ల నాటకములను ప్రదర్శించిరి. హిందీలో దీనబంధు కబీర్ నాటకము నాడగా, దానిని గాంధీమహాత్ములు చూచి సంతోషించిరి. 1928వ సంవత్సర ప్రాంతమున ఇంగ్లండునకు వెళ్ళి, అచ్చటి రంగస్థలమును పరిశీలించి, బెర్నార్డ్ షా మొదలగువారిని కలిసికొనిరి.

రాఘవగారు చేసిన సాహసములలో మరియొకటి చెప్పదగినది. ఆ దినములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండిరి. కుటుంబ స్త్రీలు రంగస్థలమెక్కుట తలవంపుగా సంఘము భావించెను. స్త్రీ హృదయమును స్త్రీయే ప్రదర్శింపవలెనని రాఘవగారు పట్టుబట్టిరి. విద్యావతులైన స్త్రీలను ప్రోత్సహించి, తమ సరసన నటింపజేసిరి. వారిలో కొమ్మూరి పద్మావతీదేవిగారు ముఖ్యులు. రంగస్థలముపై గౌరవముగా నిలిచిన ఆమెను చూచి, తరువాతివారికి ధైర్యము కలిగెను. పి. వి. రాజమన్నారుగారు వ్రాసిన తప్పెవరిది యను సాంఘిక నాటకమును రాఘవగారు ప్రదర్శించిరి. పురాణ కథలకే పరిమితమైన రంగస్థలముపై సమకాలిక కుటుంబ సమస్య ప్రవేశించుటకు అట్టి ప్రదర్శనములు తోడ్పడెను. ఆ రాజమన్నారుగారే తరువాత మద్రాసు ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తియు, 1953లో నెలకొన్న సంగీత నాటక అకాడమీకి ప్రథమాధ్యక్షులు నైరి.

వయస్సు మీరిన పిదప రాఘవగారు మూడు చలనచిత్రములలో నటించిరి. 1936లో ద్రౌపదీ మానసంరక్షణములో దుర్యోధనుడుగా కనిపించిరి. అదే కథతో పోటీగా వచ్చిన మరియొక చిత్రము ముందు అది నిలువలేకపోయెను. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి దర్శకత్వమున వచ్చిన రైతుబిడ్డ, జమీందారీ అన్యాయములను ఎత్తిచూపిన చిత్రము. దానిని నిర్మించినవారు సైతము జమీందారీ కుటుంబమువారే యగుట విశేషము. కొందరు జమీందారులు ఆగ్రహించి దాని ప్రదర్శనమును అడ్డుకొనిరి. అందు రాఘవగారు రైతు పాత్ర ధరించిరి. 1940లో చండిక వెలువడెను. అయినను ముక్కలు ముక్కలుగా నటింపవలసిన యంత్రముకంటె, ఎదుట కూర్చున్న జనులతో ఏకధాటిగా సాగు నాటకమే వారికి ప్రీతికరము.

1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాఘవగారు పరమపదించిరి. బళ్ళారిలో వారి పేరిట రాఘవ కళామందిరము వెలసి, తెలుగు, కన్నడ నాటకములు రెండింటికిని ఆశ్రయమైనది. ఏ రాజ్యమునకు ఏ పట్టణము చెందవలెనని రెండు భాషలవారు తగవులాడిన సీమలో, రెండు భాషలవారును తమవాడని చెప్పుకొను పేరు ఆయనది.

రంగస్థల నటుని కళ తెర పడగానే అదృశ్యమగును. రాఘవగారి మహత్తర ప్రదర్శనములను మనము చూడజాలము. కాని నేడు ఒక స్త్రీ నిర్భయముగా రంగస్థలమున నిలుచునప్పుడును, ఒక నటుడు పాట ఆపి పాత్ర మనస్సును పలుకునప్పుడును, ఆయన చేసిన కృషి అచ్చట కనబడుచునే యుండును. దానికి ప్రతిఫలముగా ఆయన ఏమియు కోరలేదనుట మనము మరువరాని విషయము.