కన్ను మసకబారినా కుంచె ఆగలేదు

నిరుడు శుక్లం ఆపరేషనుకు ముందు పేపరు కూడా చదవలేక దిగులుపడుతున్న రోజుల్లో, మా మనవరాలు నాకొక చిత్రకారుని జీవితం చదివి వినిపించింది. ఆయన నార్వే దేశస్థుడు ఎడ్వర్డ్ ముంక్.

1863లో ఒక సైనిక వైద్యుని ఇంట జన్మించారు. అయిదేళ్ళ వయసులో తల్లిని, పధ్నాలుగో ఏట అక్క సోఫీని క్షయ పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖమే ఆయన బొమ్మలకు ముడిసరుకయింది. కంటికి కనిపించిన దానికన్నా మనసు పడే బాధకే రంగులద్దారు. 1892లో బెర్లిన్‌లో ఆయన చిత్ర ప్రదర్శనను వారం రోజులకే మూసివేశారు. మరుసటి ఏడే ‘కేక’ చిత్రం గీశారు. ఆ బాటలో నడిచిన జర్మనీ యువ చిత్రకారుల ధోరణికి ఎక్స్‌ప్రెషనిజం అని పేరు వచ్చింది.

1908లో మనసు చెదిరి నెలల తరబడి కోపెన్‌హాగెన్ ఆసుపత్రిలో ఉన్నారు. కోలుకుని, 1916 నుంచి నేటి ఓస్లో శివార్లలోని ఎకెలీలో ఒంటరిగా స్థిరపడ్డారు.

1930లో, అరవై ఆరేళ్ళ వయసులో, కుడికంట్లో రక్తస్రావమై చూపు దెబ్బతింది. ఆయన కుంచె దించలేదు. కంటికి అడ్డుపడిన నల్లమచ్చలను, వలయాలను కనిపించినవి కనిపించినట్లే గీశారు! 1937లో నాజీలు జర్మనీ మ్యూజియంల నుంచి ఆయన కృతులు 82 తొలగించారు. అయినా గీస్తూనే ఉన్నారు. 1940లో విల్లు రాసి, తన వద్దనున్న కళాసంపదనంతా, సుమారు 1,100 వర్ణచిత్రాలతో సహా, ఓస్లో నగరానికి ఇచ్చేశారు. 1944 జనవరి 23న ఎనభయ్యో ఏట దాటాక కన్నుమూశారు.

కంటి మసకకే బెంబేలెత్తిన నాకు, ఆ మసకనే బొమ్మగా మలచిన ఆ పెద్దాయనను తలచుకుంటే సిగ్గేసింది. ఆపరేషను అయింది, చూపు వచ్చింది. మొదట రాసింది ఈ వ్యాసమే.